స్లాబు పోయకముందే చదవవలసిన ఉత్తరం

వరంగల్

ప్రియమైన సమ్మయ్యకు,

ఇక్కడ మేమందరం క్షేమం. అక్కడ అమ్మగారు, చెల్లె, పిల్లలు క్షేమంగా ఉన్నారని తలుస్తాను. వంటగది చిమ్నీ గొట్టాన్ని గోడలోంచి బయటికి తీయాలా, స్లాబులోంచి పైకి తీయాలా అని అడిగావు. ఫోనులో రెండు మాటల్లో తేలే సంగతి కాదు కనుక, మా ఇంట్లో ఆ పని చేయించినవాడిగా తీరుబడిగా రాస్తున్నాను.

వంటగదికి బయటి గోడ ఉంటే రెండో ఆలోచన అవసరం లేదు, గోడకే రంధ్రం పెట్టించాలి. మాది గిర్మాజీపేటలో అటూ ఇటూ పక్కిళ్ల గోడలు ఆనుకొని ఉన్న ఇల్లు కనుక మాకు ఆ వీలు లేదు. నీ ప్లానులోనూ వంటగదికి ఒకవైపు మెట్లు, మరొకవైపు మీ పాలివాళ్ల గోడ ఉన్నాయి కాబట్టి, నీకూ పైకి తీయడం తప్పదు. అయితే నీ స్లాబు ఇంకా పోయలేదు, అది నీ అదృష్టం. సెంట్రింగ్ చెక్కలు కొట్టి, చువ్వలు కట్టిన తరువాత, గొట్టం రావలసిన చోట ఎనిమిది అంగుళాల పైపు ముక్కను నిలబెట్టి, నోటిని మూసి, దాని చుట్టూ కాంక్రీటు పోయిస్తే చాలు. అడ్డం వచ్చే చువ్వలను ఎక్కడ వంచాలో, రంధ్రం చుట్టూ అదనంగా ఏ చువ్వలు కట్టాలో ఇంజనీరు చేత చెప్పించు. దూలం మీదకు గానీ, స్తంభం పక్కకు గానీ ఆ రంధ్రం రాకూడదు.

ఉన్న స్లాబును కోయడం ఎంత తతంగమో మా వంటగదిలో చూశాను. సుత్తీ ఉలీ పెట్టి పగలగొడతానన్న మేస్త్రీని వద్దని, స్లాబును గుండ్రంగా కోసే కోర్ కటింగ్ మిషను వాడిని పిలిపించాను. దెబ్బలతో స్లాబు చుట్టూ బీటలు వారితే ఆ తరువాత ఏ మందు పూసినా నీరు దిగుతూనే ఉంటుంది. మొదట కింది నుంచి సన్నని డ్రిల్లుతో ఒక రంధ్రం వేసి, పైన అది ఎక్కడ తేలిందో చూసుకొని, అక్కడ మిషను బిగించారు. కోత చల్లబడడానికి నీళ్లు పోస్తూనే ఉండాలి కనుక, బూడిదరంగు బురద స్టవ్ గట్టు మీదికి ధారగా కారింది. ఏడంగుళాల వెడల్పు, అయిదంగుళాల మందం ఉన్న ఆ కాంక్రీటు బిళ్ల ఏడెనిమిది కిలోల బరువు ఉంటుంది. అది ఊడిపడకుండా కింద బల్ల పెట్టి, కర్ర నిలబెట్టి ఆపవలసి వచ్చింది. రంధ్రం అంచున తెగిన చువ్వ కొన నాణెంలా మెరుస్తుంటే, దానికి తుప్పు పట్టకుండా వెంటనే మందు పూయించాను.

గొట్టం వెడల్పు విషయంలో మాత్రం ఎవరి మాటా వినకు. చిమ్నీకి ఆరంగుళాల మూతి ఉంటే పైదాకా ఆరంగుళాలే ఉండాలి. నాలుగంగుళాల పైపు చవక అని తగిలిస్తే గాలి పోయే దారి సగానికన్నా తగ్గిపోతుంది, ఫ్యాను హోరు మాత్రం పెరుగుతుంది. ముడతలు ముడతలుగా సాగే అల్యూమినియం పైపు గాలిని అడ్డుకుంటుంది, ముడతల్లో జిడ్డు నిలుస్తుంది. దానిని చిమ్నీకి పైపుకు మధ్య జానెడు ముక్కకే పరిమితం చేసి, మిగతాదంతా నునుపైన జి.ఐ. రేకు (జింకు పూత పూసిన ఇనుప రేకు) గొట్టం పెట్టించు. పీవీసీ వేడికి మెత్తబడుతుంది, జిడ్డు అంటుకొని మంట లేస్తే విషపు పొగ వదులుతుంది. గొట్టం ముక్కలను కలిపేటప్పుడు పై ముక్క కొన కింది ముక్క లోపలికి దిగాలి. అప్పుడే చలికాలంలో పేరుకొని జారే నూనెనీరు అతుకుల దగ్గర బయటికి కారదు. అది చిమ్నీ మోటారు మీద పడకుండా అడుగున, విప్పి శుభ్రం చేసుకొనే మూత ఒకటి ఉంచాలి.

ఇక వాన సంగతి. 2023 జూలైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్కరోజులో 649.8 మిల్లీమీటర్ల వర్షం పడింది. అటువంటి వానలు చూసిన ప్రాంతంలో గొట్టం చుట్టూ కాస్త సిమెంటు మెత్తి సరిపెట్టుకోవడం కుదరదు. రంధ్రం చుట్టూ ఆరు నుంచి ఎనిమిది అంగుళాల ఎత్తున గట్టు కట్టించి, డాబాకు పూసే వాటర్ ప్రూఫింగ్‌ను ఆ గట్టు పైదాకా ఎక్కించి, గట్టును కప్పుతూ గొట్టానికి రేకు గొడుగు బిగించాలి. తరువాత చుట్టూ మట్టికట్ట వేసి, రెండు రోజులు నీళ్లు నిలబెట్టి, కింద చెమ్మ దిగడం లేదని చూశాకే మేస్త్రీకి మిగిలిన డబ్బు ఇవ్వు.

డాబా పైన గొట్టం మూడడుగుల ఎత్తు ఉండాలి. నీళ్ల ట్యాంకుకు, పాలివాళ్ల కిటికీకి దూరంగా ఉండాలి, లేకపోతే వాళ్లతో కొత్త పంచాయితీ మొదలవుతుంది. మన దగ్గర కోతుల బెడద నీకు తెలియనిది కాదు. మా వీధిలో గొట్టాల కొనన వానకు అడ్డంగా పెట్టిన పలచటి రేకు టోపీలను అవి ఊపి ఊపి పీకేశాయి. అందుకే గొట్టాన్ని యాంగిల్ ఇనుముకు క్లాంపులతో బిగించి, టోపీకి బోల్టులు వేయించాను. గొట్టం పై మూతికి అర అంగుళం కళ్ల జాలీ పెట్టించు. దోమల జాలీ పెడితే జిడ్డు పట్టి మూసుకుపోతుంది.

చివరగా, పొగ బయటికి పోవాలంటే అంత గాలి లోపలికి రావాలి. కిటికీ కాస్త తెరిచి ఉంచమని చెల్లెకు చెప్పు. ఏనుమాముల మార్కెట్ మిరపకాయలు వేయించినా, పండుగకు సకినాలు కాల్చినా ఇప్పుడు మా ముందుగదిలో ఎవరూ దగ్గడం లేదు. కానీ మా ఆవిడ తలుపులన్నీ మూసిన రోజున మళ్లీ అదే ఘాటు.

సెంట్రింగ్ ఎప్పుడు కడుతున్నారో ముందుగా తెలియజేయి. ఎనిమిదంగుళాల పైపు ముక్క ఒకటి మా మేడమెట్ల కింద ఉంది, నేనే తీసుకొని వస్తాను.

ఇట్లు,
నీ మిత్రుడు
రాజమౌళి