పేరు మిగిలిన వీధి

లిస్బన్,
15 అక్టోబరు 2023

ప్రియమైన రామూ,

ఫోనులో మాట సగంలో ఆపేశానని అలిగావట. ఈ ఊరి ఆఫ్రికన్ల కథలు హడావిడిగా చెప్పేసే సంగతులు కావురా, అందుకే తీరిగ్గా కాగితం ముందు కూర్చున్నాను. ఆఫీసు పని శుక్రవారంతో ముగిసింది. నిన్నంతా నడకే. ఇది ఏడు కొండల ఊరని అంటారు. ఆ ఏడూ నిన్న ఒక్కరోజే నాకు ఎదురొచ్చాయి, మోకాళ్ల గురించి మాత్రం అడగకు.

మమ్మల్ని తిప్పిన గైడు లిస్బన్‌లోనే పుట్టిందట, తల్లిదండ్రులది ఆఫ్రికా పడమటి తీరాన ఉన్న కేప్ వెర్దీ దీవులు. కోటలూ రాజుల సమాధులూ ఆమె చూపించలేదు. ఈ ఊళ్లో ఐదు వందల ఏళ్లకు పైగా బతుకుతున్న ఆఫ్రికన్ల జాడలు వీధి వీధికీ ఆగి చూపించింది. 1551లో ఒకాయన ఊరి లెక్కలు రాస్తే, లక్ష మంది జనంలో దాదాపు పదివేల మంది బానిసలని తేలిందట. అంటే ప్రతి పదిమందిలో ఒకరు. నేను ఇక్కడికి రావడం ఇది మూడోసారి. ఇంతకుముందు రెండుసార్లూ ఏం చూశానో నాకే తెలియదు.

మొదట రోసియో చౌరస్తా పక్కనున్న సావ్ దొమింగోస్ కూడలికి వెళ్లాం. ఒక మూల చెర్రీ మద్యం అమ్మే చిన్న కొట్టు ఉంది, పర్యాటకులంతా అక్కడే మూగారు. నాలుగడుగుల దూరంలో పశ్చిమాఫ్రికాలోని గినీ బిస్సావ్ నుంచి వచ్చిన పెద్దవాళ్లు గుంపుగా నిలబడి కబుర్లు చెప్పుకుంటున్నారు. ఆడవాళ్లు గట్టు మీద బుట్టలు పెట్టుకుని వేరుశనగలూ కోలా గింజలూ అమ్ముతున్నారు. ఒక గింజ కొన్నాను. లేత గులాబీ రంగు, వేళ్లతో నొక్కితే రెండు బద్దలుగా విడింది. నమిలితే ముందు చేదు, ఆపైన వగరు. మన లేత వక్క నమిలినట్టే నాలుక మొద్దుబారింది. నా ముఖం చూసి అమ్మినావిడ పగలబడి నవ్వి, ఇంకాసేపు నమలమని సైగ చేసింది. నిజమే, కాసేపయ్యాక అడుగున కాస్త తీపి తగిలింది.

వీళ్లు ఇక్కడే ఎందుకు చేరతారంటే, దానికీ పాత కథ ఉంది. ఎదురుగా ఉన్న చర్చిలో నల్లజాతివాళ్లకు సొంతంగా ఒక సమాజం ఉండేది, రోజరీ మాత పేరిట. సభ్యులకు బానిసత్వం నుంచి విడుదల ఇప్పించడానికి పాటుపడేది, చనిపోతే గౌరవంగా పాతిపెట్టేది. 1959లో చర్చి తగలబడింది. మంటలకు పెళ్లలూడిన స్తంభాలను అలాగే వదిలేశారు. లోపలికి వెళితే పొయ్యి లోపల నిలబడినట్టు ఉంటుంది.

'గౌరవంగా పాతిపెట్టేది' అన్నాను కదా. ఆ మాట బరువు నాకు రెండు గంటల తర్వాత తెలిసింది.

ఊరి పడమటి వైపు ఒక వాలు దిగితే 'రువా దు పోసు దుస్ నెగ్రుస్' అనే వీధి వస్తుంది. కాఫీ కొట్లు, పాత పుస్తకాల దుకాణం, కిటికీల్లో ఆరేసిన బట్టలు. చూడటానికి ముచ్చటైన వీధి. ఆ పేరుకు అర్థం 'నల్లవాళ్ల గొయ్యి'. చనిపోయిన బానిసల శవాలను ఊరి బయట పడేస్తే కుక్కలు పీక్కుతింటున్నాయని, దుర్వాసన వస్తోందని 1515లో పోర్చుగల్ రాజు మనుయెల్ ఒక ఉత్తర్వు రాశాడు. లోతైన గొయ్యి తవ్వండి, శవాలు అందులో వేయండి, అప్పుడప్పుడూ పైన సున్నం చల్లండి అని. సున్నం అనగానే నాకు మన సంక్రాంతి గోడలే గుర్తొచ్చాయి. ఆ మాటకొస్తే ఈ ఊరి గోడలకు సున్నం వేసే పని కూడా ఆ కాలంలో ఎక్కువగా ఆఫ్రికన్లదేనని గైడు చెప్పింది. బతికుండగా చేతిలో సున్నం, పోయాక ఒంటి మీద సున్నం. ఆ తర్వాత కాఫీ ఇప్పించారు కానీ, సగం వదిలేశాను.

రోజూ ఆ పేరు చిరునామాలో రాసుకునేవాళ్లకు అది వినిపిస్తుందా అని ఆమెను అడగబోయి, నోరు మూసుకున్నాను. నువ్వు ఇరవయ్యేళ్లుగా హబ్సిగూడలో ఉంటున్నావు కదా, హబ్షీలంటే ఆఫ్రికన్లని ఎప్పుడైనా అనుకున్నామా? ఏసీ గార్డ్స్ అనే పేట పేరు మన నోట్లో ఎంతగా నలిగిందంటే, అది నిజాం 'ఆఫ్రికన్ కావల్రీ', అంటే ఆఫ్రికన్ అశ్వదళం పేరని నాకు ముప్పై ఏళ్లు దాటాక తెలిసింది. అప్పటిదాకా ఏసీ అంటే చల్లటి ఏసీయే అనుకున్నాను. నవ్వకు.

ఆ వీధి దాటితే మద్రగోవా పేట. దాని పాత పేరు మొకాంబు. అంగోలా వైపు భాషల మాట అట, పల్లె అనీ దాక్కునే చోటనీ అర్థం. మన 'గూడ'కు దగ్గరగా లేదూ? ఆ పేరు మాత్రం పటాల్లోంచి చెరిగిపోయింది.

అల్ఫామా అనే పాతపేటలో రాజుగారి ఫౌంటెన్ ఒకటుంది. పదహారో శతాబ్దంలో దాని ఒక్కొక్క ధార ఒక్కొక్క రకం మనుషులకని నగరపాలకులు నిబంధన పెట్టారు. నల్లవాళ్లకూ, మిశ్రమ సంతతివాళ్లకూ, ఇతర బానిసలకూ ఒక ధార, తెల్లవాళ్లకు ఇంకొకటి. ఆ పట్టికలో 'ఇండియన్లు' అన్న మాట కూడా ఉంది. గోవా మీదుగా ఓడల్లో తెచ్చిన మనవాళ్లు కూడా ఈ ఊళ్లో బానిసలుగా ఉండేవారు మరి. నాతో ఉన్న డచ్చి దంపతులు ఇదేమి విడ్డూరమని ఆశ్చర్యపోయారు. నేను ఆశ్చర్యపోలేదు. ఒకే చెరువుకు రెండు రేవులు చూసి పెరిగినవాణ్ని.

ఇక నీకు నచ్చే సంగతి. పోర్చుగల్ పాలించిన వలస దేశాల నుంచి చదువుకోవడానికి వచ్చిన కుర్రాళ్లను కనుసన్నల్లో ఉంచుకోవాలని 1944లో ప్రభుత్వమే వాళ్లకొక నివాసం పెట్టించింది, 'సామ్రాజ్య విద్యార్థుల ఇల్లు' అని పేరు. తర్వాత గినీ బిస్సావ్, కేప్ వెర్దీల స్వాతంత్ర్య పోరాటం నడిపిన అమిల్కార్ కబ్రాల్, అంగోలా పోరాటం నడిపిన అగుస్తీన్యు నెతు అందులోనే కలుసుకున్నారు. ఒకరు వ్యవసాయశాస్త్రం చదవడానికి, మరొకరు వైద్యం చదవడానికి వచ్చినవాళ్లు. చివరికి ఆ సామ్రాజ్యాన్నే కూలదోశారు! మేలుకునేసరికి ఆలస్యమైంది, 1965లో రహస్య పోలీసులు ఆ ఇంటికి తాళం వేశారు. పాముకు పాలు పోసి పెంచామని తలబాదుకుని ఉంటారు. నేనైతే ఆ వీధిలో నిలబడి హాయిగా నవ్వుకున్నాను.

నది ఒడ్డున బానిసల స్మారకం రావాలి. 2017లో ఊరి జనం ఓట్లేసి ఒప్పుకున్నారు. అంగోలా కళాకారుడు కిలువాంజీ కియా హెండా నమూనా గెలిచింది: వరుసలు వరుసలుగా నల్లటి లోహపు చెరకు గడలు. చెరకు తోటలో పిల్లలు తప్పిపోతే ఎలా ఉంటుందో మనకు తెలుసు కనుక నాకు వెంటనే ఒళ్లు జలదరించింది. చోటు చూద్దామని వెళ్తే గడలు లేవు. ఇంకా పెట్టలేదు. ఒక కుర్రవాడు గాలిపటం ఎగరేస్తున్నాడు.

రాత్రి కషూపా తిన్నాను. మొక్కజొన్నలూ చిక్కుడు గింజలూ గంటల తరబడి ఉడికించే కేప్ వెర్దీ వంటకం. మా అమ్మ గుగ్గిళ్లకు నాలుగిళ్ల అవతలి చుట్టం. ఉప్పు తక్కువైంది, అయినా రెండోసారి పెట్టించుకున్నాను.

కోలా గింజలు ఇంకో నాలుగు కొని తడిబట్టలో చుట్టి ఉంచాను. పాడవకుండా ఉంటే వచ్చే నెల నీ హబ్సిగూడ అరుగు మీద కూర్చుని నములుదాం. చెల్లెమ్మను అడిగానని చెప్పు. ఆవిడకు మాత్రం ఇవ్వకు, నన్ను తిడుతుంది.

నీ
శ్రీను