గేటు ఎందుకు మూయించానంటే

తల్లిదండ్రులకు నమస్కారం.

గురువారం సాయంత్రం గాలిదుమారం రేగినప్పుడు గేటు మూయించి, పిల్లల్ని 40 నిమిషాలు లోపలే ఉంచాను. దానిమీద వాట్సాప్ గ్రూపుల్లో గట్టి చర్చే నడిచిందట. నిర్ణయం నాదే. మళ్లీ దుమారం వస్తే మళ్లీ మూయిస్తాను. బయట హారన్లు కొట్టినవారి తొందర అర్థమైంది. ఎదురుగా ఏముందో కనబడని దుమ్ములో పిల్లవాణ్ణి బండి ముందు నిలబెట్టుకుని పోవాలన్న పట్టుదలే అర్థం కాలేదు.

కంటికి కనబడే దుమ్ము చాలావరకు ముక్కులోనే ఆగుతుంది, తుమ్మితే పోతుంది. ఇబ్బందంతా కనబడనిదాంతోనే. 10 మైక్రాన్లకన్నా (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్) చిన్న ధూళి శ్వాసనాళాల్లోకి పోతుంది. 2.5 మైక్రాన్లకన్నా చిన్నదైతే ఊపిరితిత్తుల్లో చిట్టచివరి గాలిగదుల దాకా చేరుతుంది. తలవెంట్రుక మందమే సుమారు 70 మైక్రాన్లు, ఇక పోల్చుకోండి. ఉబ్బసం ఉన్న పిల్లలకు దాంతో నాళాలు వాచి బిగుసుకుపోతాయి. పిల్లికూతలు, ఆయాసం మర్నాడో ఆ మర్నాడో కూడా మొదలవ్వచ్చు.

ఆ రోజు ఆయాసపడ్డవాళ్లు ముగ్గురు. అందులో ఇద్దరి ఇన్‌హేలర్లు ఇంట్లో బీరువాలో భద్రంగా ఉన్నాయి! ఒకరు 'అలవాటైపోతుంది' అన్నారు, ఇంకొకరు 'నలుగురికీ తెలిస్తే బాగుండదు' అన్నారు. అలవాటు కాదండీ. మందు నేరుగా నాళాలకే చేరుతుంది కాబట్టి మాత్రకన్నా చాలా తక్కువ మోతాదు సరిపోతుంది. లంచ్ బాక్స్ మర్చిపోతే గంటలో తెచ్చిచ్చే మీరు, ఊపిరి ఆడించే మందును దాచిపెట్టడమేమిటి? స్పేసర్‌తో (ఇన్‌హేలర్‌కి తగిలించే గొట్టంతో) సహా, పేరు రాసి, డాక్టర్ చీటీ జతచేసి క్లాస్ టీచర్‌కి ఇవ్వండి. రోజూ వాడమన్న మందును 'బాగానే ఉన్నాడుగా' అని మీ అంతట మీరు ఆపేయకండి.

ఆయాసంతో ఉన్న స్నేహితుణ్ణి బెంచీమీద పడుకోబెట్టబోతే, 'వద్దు సార్, కూర్చోబెట్టాలి' అని మాస్టారికే చెప్పినవాడు అయిదో తరగతి బుడతడు. వాడన్నదే సరైన పద్ధతి. ఎనిమిదో తరగతి అమ్మాయిలు నలుగురైతే గాజుపలకలకు వాసెలీన్ రాసి వరండాలో ఒకటి, కిటికీలు మూసిన గదిలో ఒకటి, వేలెడు సందు వదిలిన గదిలో ఒకటి పెట్టారు. మర్నాడు మైక్రోస్కోప్ కింద చూస్తే సందు వదిలిన గదికీ వరండాకీ పెద్ద తేడా లేదు! ఆ పలకలు నా టేబుల్ మీదే ఉన్నాయి, వచ్చి చూడండి. (ఎవరు వచ్చినా చూపిస్తున్నానని ఆఫీసులో నవ్వుకుంటున్నారు. నవ్వుకోనివ్వండి.)

ఇంటి సంగతులు నేను చెప్పకూడదు, అయినా చెబుతున్నాను. దుమారం తగ్గాక చీపురుతో పొడిగా ఊడిస్తే ఆ ధూళంతా మళ్లీ గాలిలోకే లేస్తుంది, తడిగుడ్డతో తుడవండి. ముక్కుకి కట్టిన చేతిరుమాలు సన్నని ధూళిని ఆపలేదు. మొహానికి సరిగ్గా పట్టే ఎన్95 మాస్క్ అయితే ఆపుతుంది. ఇక హాల్లో సిగరెట్ కాల్చే నాన్నలు, తాతలు... దాన్ని మేం గేటు దగ్గర ఆపలేం కదా.

యూనిట్ టెస్టులు సోమవారం నుంచి. ఫీజు గడువు డైరీలో ఉంది. ఐడీ కార్డులు పోగొట్టినవారు ఆఫీసులో చెప్పండి.

ఇన్‌హేలర్లు మాత్రం సోమవారం మొదటి బెల్లులోపే అందాలి.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు