డ్రాయింగు ఒకటి, పంపిన రేడియేటర్ ఇంకొకటి: మార్చి ఇవ్వాలని ఫిర్యాదు

భీమవరం

సర్వీసు మేనేజరు గారికి,

నమస్కారం.

విషయం: టర్బో ట్రాక్ కారుకు ఆర్డరు మీద చేసిచ్చిన అల్యూమినియం రేడియేటర్‌లో డిజైను లోపం, వారంటీ తిరస్కరణ.

మా వాటర్ పంపు బలహీనంగా ఉందని, ఉప్పునీళ్లు పోయడం వల్లే లీకు వచ్చిందని రాసి మీరు వారంటీ నిరాకరించారు. రెండూ తప్పు. మీరు సంతకం పెట్టి ఒప్పుకున్న డ్రాయింగుకూ పంపిన రేడియేటర్‌కూ పొంతన లేదు. బండి హీటెక్కడానికీ, కూలెంట్ (ఇంజనును చల్లబరిచే ద్రవం) బయటికి కక్కడానికీ, వెల్డింగు పగలడానికీ కారణం అదే.

ముందు లెక్క చూడండి. ఇంజను 1.4 లీటర్ల టర్బో, 180 హార్స్‌పవర్, అంటే సుమారు 132 కిలోవాట్లు. పూర్తి లోడులో అందులో సగానికి కాస్త ఎక్కువ, దాదాపు 70 కిలోవాట్ల వేడి కూలెంట్‌లోకి వస్తుందని డ్రాయింగులోనే రాశాం. నిమిషానికి 120 లీటర్ల ప్రవాహం ఉంటే రేడియేటర్‌లో కూలెంట్ 9 డిగ్రీలు చల్లబడితే చాలు. గోదావరి జిల్లాల్లో రోహిణి కార్తె ఎండలు ఎలా ఉంటాయో తెలిసినవాళ్లం కాబట్టి బయటి గాలి 42 డిగ్రీలని వేసుకున్నాం. అందుకు అడిగింది 620 × 350 ఎం.ఎం. కోర్ (ట్యూబులు ఉండే మధ్యభాగం), 42 ఎం.ఎం. మందం, అంగుళానికి 14 ఫిన్లు (ట్యూబుల మధ్య పలుచని రేకులు), సింగిల్ పాస్: ఎడమ ట్యాంకులోంచి లోపలికి, కుడి ట్యాంకులోంచి బయటికి.

వచ్చింది డబుల్ పాస్. ఎడమ ట్యాంకు మధ్యలో అడ్డగోడ వెల్డు చేసి, ఇన్‌లెట్, అవుట్‌లెట్ రెండూ ఒకే వైపు పెట్టారు. సగం ట్యూబుల్లోనే కూలెంట్ అంతా వెళ్లాలి కాబట్టి వేగం రెట్టింపవుతుంది, దారి పొడవూ రెట్టింపవుతుంది. అదే ప్రవాహానికి కోర్‌లో ఒత్తిడి నష్టం సుమారు 8 రెట్లు. చిన్న ఇంజనుకు, బలమైన పంపు ఉన్నప్పుడు డబుల్ పాస్ పనికొస్తుందేమో కానీ, బెల్టుతో తిరిగే ఈ స్టాక్ (కంపెనీ బిగించిన) పంపుకు అది ఉరితాడు.

శ్రీపెరంబుదూరు దగ్గర ఇరుంగట్టుకోట్టై ట్రాక్ మీద తీసిన డేటా లాగ్ జతచేశాం. 6,500 ఆర్‌పీఎం దగ్గర ఇన్‌లెట్‌కూ అవుట్‌లెట్‌కూ మధ్య 0.45 బార్ తేడా, 16 డిగ్రీల తేడా కనిపిస్తాయి. మీ టెక్నీషియన్ ఆ 16 డిగ్రీలు చూసి “రేడియేటర్ బ్రహ్మాండంగా చల్లబరుస్తోంది” అని రాశారు. అది చదివి బాధేసింది. అదే 70 కిలోవాట్లకు 9 డిగ్రీలు రావలసిన చోట 16 వచ్చిందంటే ప్రవాహం నిమిషానికి 70 లీటర్ల లోపుకు పడిపోయిందని అర్థం. రేడియేటర్‌లోంచి వచ్చే నీళ్లు చల్లగానే ఉన్నాయి, ఇంజను పైభాగమైన హెడ్‌కు చాలినన్ని అందడం లేదు. ఎగ్జాస్ట్ వాల్వుల చుట్టూ ఆవిరి బుడగలు పుట్టేది, హెడ్ గాస్కెట్ పోయేది ఇలాంటప్పుడే.

ఇక మూత. డ్రాయింగులో 1.1 బార్ మూత విడి హెడర్ ట్యాంకు (కూలెంట్ నిల్వ ఉండే చిన్న ట్యాంకు) మీద, సిస్టమ్‌లో అన్నిటికన్నా ఎత్తున ఉంది. మీరు దాన్ని రేడియేటర్ ఇన్‌లెట్ పైనే పెట్టారు. పంపు తోసే ఒత్తిడంతా అక్కడ మూత మీద పడుతుంది. 96 డిగ్రీల దగ్గరే, మరగకుండానే, మూత లేచి కూలెంట్ క్యాచ్ బాటిల్‌లోకి పోతోంది. 1.1 బార్ కింద ఈ మిశ్రమం 120 డిగ్రీలు దాటితే గానీ మరగదు. పైగా ఇన్‌లెట్ దగ్గర 1.1 బార్ దాటనప్పుడు, 0.45 పోగా పంపు పీల్చే వైపు మిగిలేది 0.65 మాత్రమే. పంపులో కేవిటేషన్ (ఒత్తిడి చాలక ఆవిరి బుడగలు పుట్టడం) వచ్చింది అందుకే. హెడర్ ట్యాంకు కింది నుంచి 19 ఎం.ఎం. పైపు పంపు సక్షన్‌కు కలిపి ఉంటే అక్కడే 1.1 బార్ నిలిచేది. హెడ్ పైనుంచి, రేడియేటర్ పై మూల నుంచి హెడర్ ట్యాంకుకు రావలసిన 3 ఎం.ఎం. బ్లీడ్ లైన్లకు నిపిల్సే వెల్డు చేయలేదు. గాలి పోయే దారి లేక ప్రతిసారీ ఎయిర్‌లాక్. టర్బో నీళ్ల లైను రిటర్న్ కూడా ఆ ట్యాంకుకే ఎక్కాలి. లేకపోతే ఇంజను ఆపాక టర్బోలో నీళ్లు కదలవు, లోపల ఆయిల్ మాడుతుంది.

కోర్ 56 ఎం.ఎం. మందం, అంగుళానికి 20 ఫిన్లు. “ఎక్కువే ఇచ్చాం” అన్నారు. రేడియేటర్ ముందు ఇంటర్‌కూలర్ (టర్బో గాలిని చల్లబరిచేది) ఉన్న బండిలో అంత దట్టమైన కోర్‌లోంచి గాలి చాలినంత దూరదు.

లీకు సంగతి. ఇక్కడ రొయ్యల చెరువుల జనరేటర్ల రేడియేటర్లు ఉప్పుకు ఎలా తినుకుపోతాయో అందరికీ తెలుసు. ఈ ఊళ్లో అల్యూమినియం రేడియేటర్‌లో బోరు నీళ్లు ఎవరూ పోయరు. మేం వాడింది డీమినరలైజ్డ్ వాటర్ 65 శాతం, ఓఏటీ (సేంద్రియ ఆమ్లాలతో తుప్పును ఆపే రకం) కూలెంట్ కాన్సంట్రేట్ 35 శాతం. బిల్లులు జతచేశాం. కూలెంట్‌కూ బ్యాటరీ నెగటివ్‌కూ మధ్య 0.05 వోల్టులే ఉంది, అంత తక్కువకు ఎలక్ట్రాలసిస్ (కరెంటు వల్ల లోహం తినుకుపోవడం) అనుమానించనక్కర్లేదు. ఫొటోలు చూడండి: ఉప్పు తింటే కనిపించే తెల్లపొడి లేదు, గుంటలు లేవు. వెల్డు అంచు వెంట తిన్నగా చీలిక ఉంది. రెండు ట్యాంకులకూ బ్రాకెట్లు వెల్డు చేసి ఛాసిస్‌కు గట్టిగా బోల్టు వేసేలా మీరే ఇచ్చారు. 25 నుంచి 95 డిగ్రీలకు వేడెక్కితే 620 ఎం.ఎం. అల్యూమినియం దాదాపు 1 ఎం.ఎం. సాగుతుంది. సాగడానికి చోటు లేక, వేడెక్కి చల్లారినప్పుడల్లా ఆ బలం వెల్డు మీదే పడింది. డ్రాయింగులో ఉన్నవి రబ్బరు బుష్‌లలో కూర్చునే పిన్నులు.

ట్రాక్ వాడకానికి వారంటీ వర్తించదని మీరన్న మాట ఎలా చెల్లుతుంది? మీ ఇన్‌వాయిస్ మీదే “ట్రాక్ కారు రేడియేటర్” అని ఉంది.

కాబట్టి డ్రాయింగు ప్రకారం కొత్త రేడియేటర్, ఒకటిన్నర లీటర్ల హెడర్ ట్యాంకు మీ ఖర్చుతో చేసి పంపండి. హోస్ ఎక్కించే 38 ఎం.ఎం. నెక్‌లకు చివర బీడ్ (ఉబ్బెత్తు అంచు) తప్పనిసరి. అది లేక హోస్ జారితే ఏ క్లిప్పూ ఆపదు. పంపే ముందు నీళ్లలో ముంచి 1.5 బార్ గాలితో 30 నిమిషాలు పరీక్షించి, గేజి కనిపించే వీడియో ఇవ్వండి. అది కుదరదంటే రవాణా ఖర్చుతో సహా పూర్తి డబ్బు తిరిగివ్వండి. పాతది మా దగ్గరే ఉంది. మీ ఇంజనీరు వస్తే ఆయన ఎదుటే కోసి చూపిస్తాం.

ఈ లేఖ అందిన 15 రోజుల్లో రాతపూర్వకంగా జవాబు రాకపోతే, వినియోగదారుల రక్షణ చట్టం 2019 కింద జిల్లా కమిషన్‌లో ఫిర్యాదు వేస్తాం.

ఇట్లు,
ట్రాక్ కారు బృందం, భీమవరం