నా పెద్దపేగు మానింది. ఈ కృతజ్ఞతలు మీ అందరికీ

పోయిన వారం కొలనోస్కోపీ (కెమెరా గొట్టంతో పెద్దపేగు లోపల చూసే పరీక్ష) చేశారు. పెద్దపేగు లోపలి పొర మానిందని, పుండ్లు ఎక్కడా లేవని డాక్టరు గారు స్క్రీన్ మీద ఫొటోలు చూపిస్తూ చెప్పారు. ఆ మాట వినగానే నాకు వరుసగా కొందరి ముఖాలు గుర్తొచ్చాయి. వాళ్లలో కొందరికి నా పేరు కూడా తెలియదు. అందరినీ కలిసి చెప్పుకునే వీలు లేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

నేను కరీంనగర్‌లో ఆర్టీసీ కండక్టర్‌ని. ఎక్కువగా సికింద్రాబాద్ జూబ్లీ బస్ స్టేషన్ (జేబీఎస్) వెళ్లే ఎక్స్‌ప్రెస్ మీద డ్యూటీ పడుతుంది. నాకున్న జబ్బు అల్సరేటివ్ కొలైటిస్. మనవాళ్లు పేగుపూత అంటారు. మలంలో రక్తం, జిగురు పడతాయి. కడుపులో మెలిపెట్టినట్టు నొప్పి వస్తుంది. అన్నిటికంటే కష్టం ఆపుకోలేని ఆ తొందర. వచ్చిందంటే రెండు నిమిషాలు కూడా ఆగదు. ఆఫీసులో కూర్చుని పని చేసేవాళ్లు లేచి వెళ్లొచ్చు. ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం ఇచ్చే మహాలక్ష్మి పథకం వచ్చాక కిక్కిరిసి నడుస్తున్న బస్సులో, చేతిలో టికెట్లు కొట్టే టిమ్ మిషన్, భుజాన డబ్బుల బ్యాగు పెట్టుకుని, రాజీవ్ రహదారి మధ్యలో నేనెక్కడికి పోవాలి? డ్యూటీ ఉన్న రోజు పొద్దున్నుంచి నోట్లో నీళ్లు కూడా పోసుకోకుండా బస్సెక్కేదాన్ని. బరువు తగ్గిపోయాను. రక్తం పోయి పోయి, డిపో మెట్లెక్కితే ఆయాసం వచ్చేది.

మొదట్లో అందరూ మొలలన్నారు. తర్వాత అమీబా అన్నారు. రెండింటికీ మందులు వాడాను. తగ్గినట్టే తగ్గి మళ్లీ వచ్చేది.

అందుకే నా మొదటి నమస్కారం మా ఆర్టీసీ డిస్పెన్సరీ డాక్టరమ్మకు. "రాత్రి మంచి నిద్రలో ఉండగా కూడా లేవాల్సి వస్తోందా?" అని ఆమె అడిగారు. అంతవరకు ఎవరూ అడగలేదు. వస్తోందన్నాను. మామూలు అజీర్తి అయితే నిద్ర లేపదని, ఇది లోపల చూడాల్సిందేనని అప్పటికప్పుడు హైదరాబాద్ తార్నాకలోని ఆర్టీసీ ఆసుపత్రికి రాసిచ్చారు. అక్కడి నుంచి రిఫరల్ మీద హైదరాబాద్‌లోనే గ్యాస్ట్రో డాక్టరు గారి దగ్గరికి చేరాను.

ఆ సార్‌కు ఎలా కృతజ్ఞత చెప్పుకోవాలో తెలియదు. ముందు ఇన్ఫెక్షన్ లేదని మల పరీక్షలతో తేల్చుకున్నారు. తర్వాత కొలనోస్కోపీ చేసి, చిన్న ముక్క తీసి బయాప్సీ పరీక్షకు పంపారు. రిపోర్టు వచ్చాక కాగితం మీద పెద్దపేగు బొమ్మ గీసి, ఎంతవరకు పూత ఉందో పెన్నుతో దిద్ది చూపించారు. మన ఒంటిని కాపాడాల్సిన రోగనిరోధక శక్తే దారి తప్పి పేగు లోపలి పొర మీద పడుతుందని, అందుకే అక్కడ వాపు వచ్చి పుండ్లు పడతాయని చెప్పారు. నేను అడగడానికి సిగ్గుపడిన ప్రశ్నలకు కూడా ఆయనే జవాబులు చెప్పారు. ఇది అంటుకునే జబ్బు కాదు. పిల్లల్ని పక్కన పడుకోబెట్టుకోవచ్చు. కారం తిన్నందుకు వచ్చింది కాదు. పూర్తిగా పోగొట్టే మందు ఇంకా లేదు, కానీ జబ్బును ఏళ్ల తరబడి నిద్రపుచ్చి ఉంచే మందులు ఉన్నాయి. "మీరు ఉద్యోగం మానాల్సిన పని లేదు" అని కూడా అన్నారు. ఆ మాట కోసమే నేను అంత దూరం వెళ్లానేమో అనిపించింది.

మందుల గురించి కొంచెం వివరంగా రాస్తాను. ఇదే జబ్బుతో ఉన్నవాళ్లు ఎవరైనా చదవొచ్చు. వాపును తొందరగా అణచడానికి ముందు ప్రెడ్నిసొలోన్ 40 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, వారం వారం తగ్గిస్తూ ఆపించారు. అది స్టెరాయిడ్. ఒక్కసారిగా మానకూడదు, ఎక్కువ కాలం వాడకూడదు. నా ముఖం ఉబ్బింది, రాత్రిళ్లు నిద్ర పట్టేది కాదు. ఎముకల కోసం కాల్షియం, విటమిన్ డి కూడా ఇచ్చారు. అసలు రోజూ వాడేది మెసలమిన్. మాత్రలతో పాటు కొంతకాలం ఎనిమా రూపంలో, అంటే మలద్వారం గుండా లోపలికి ఎక్కించే మందుగా కూడా వాడించారు. కింది భాగంలో పుండ్లున్నప్పుడు నోటి నుంచి, కింద నుంచి రెండువైపులా మందు చేరితే త్వరగా మానుతుందట. ఎనిమా అనగానే నేను బిగుసుకుపోయాను. అక్కడి నర్సు సిస్టర్ తలుపు వేసి, ఎడమవైపు తిరిగి ఎలా పడుకోవాలో, మోకాలు ఎలా మడవాలో, మందు రాత్రంతా నిలవాలంటే ఎప్పుడు పెట్టుకోవాలో చూపించింది. పళ్లు తోముకోవడం నేర్పినంత మామూలుగా నేర్పింది. సిస్టర్, ఆ రోజు మీరు ఒక్కసారి కూడా ముఖం చిట్లించలేదు. నాకు అది ఎంత పెద్ద సాయమో మీకు తెలియాలి.

స్టెరాయిడ్ తగ్గిస్తుంటే జబ్బు మళ్లీ తల ఎత్తింది. అప్పుడు రోగనిరోధక శక్తి దూకుడును అణచే అజాథియోప్రిన్ కలిపారు. దానికి ముందు ఎన్‌యూడీటీ15 అనే జన్యు పరీక్ష చేయించారు. ఆ జన్యువులో మార్పు ఉన్నవాళ్లకు ఈ మందుతో తెల్ల రక్తకణాలు ప్రమాదకరంగా పడిపోతాయి, ఆసియా దేశాల వాళ్లలో ఆ మార్పు ఎక్కువగా కనిపిస్తుంది. నాకు లేదని తేలాకే మందు మొదలైంది. ఇప్పటికీ రక్తకణాల లెక్క, లివర్, కిడ్నీ పరీక్షలు వేళకు చేయించుకుంటాను. పేగు వాపును చూపించే కాల్‌ప్రొటెక్టిన్ అనే మల పరీక్ష కూడా ఉంటుంది. అది 50 లోపు ఉంటే మామూలు, 250 దాటితే లోపల వాపు నడుస్తున్నట్టే అని సార్ చెప్పారు. బయటికి ఏ బాధా లేకపోయినా ఆ అంకె పెరిగితే ముందే పట్టుకోవచ్చు.

మా ఇంటి దగ్గరి మెడికల్ షాపు అన్నకు వేరుగా చెప్పుకోవాలి. మెసలమిన్ మాత్ర మీద పేగుదాకా వెళ్లాకే కరిగే పూత ఉంటుందని, నమలొద్దు, పొడి చేయొద్దు అని చెప్పింది ఆయనే. రోజంతా నిలబడే ఉద్యోగం మాది. కాళ్ల నొప్పులకు వాడే డైక్లోఫినాక్ మాత్ర మా డిపోలో అందరి బ్యాగుల్లో ఉంటుంది. నేనూ ఒక రోజు వెళ్లి అడిగాను. "అక్కా, నీ పేగుకు అది పడది. నేనియ్య" అని ఖరాకండిగా చెప్పి, పారాసెటమాల్ ఇచ్చి, ముందు సార్‌కు ఫోన్ చేసి అడగమన్నాడు. అమ్ముకోవడానికి కూర్చున్న మనిషి అమ్మనని అన్నాడు. నా చీటీ గుర్తుపెట్టుకుని, మాత్రలు అయిపోకముందే తెప్పించి పెడతాడు. ఒక్క పూట కూడా మందు తప్పకుండా నడిచిందంటే ఆయన వల్లే.

ఇక తిండి సంగతి. ఈ జబ్బు ఉందని తెలియగానే ప్రతి ఒక్కరూ ఒక పత్యం చెప్పారు. ఉప్పు మానమన్నారు, అన్నం మానమన్నారు, పచ్చి కూరగాయల రసం తాగమన్నారు. అవన్నీ రాసుకుని డైటీషియన్ మేడం దగ్గరికి వెళ్తే ఆ కాగితం మడిచి పక్కన పెట్టి, "మీ ఇంట్ల రోజూ ఏం వండుతరో అది చెప్పు. దాంట్లనే చూద్దాం" అన్నారు. నాకు కావలసింది అదే. కూలీ పనికి పోయే మామయ్యకు, బడికి పోయే పిల్లలకు, నాకు మూడు వంటలు చేసే ఇల్లు కాదు మాది.

జబ్బు రేగినప్పుడు ఒక తిండి, అణిగినప్పుడు ఒక తిండి అని ఆమె విడదీసి చెప్పారు. రేగినప్పుడు మెత్తటి అన్నం, పెసరపప్పు కట్టు, పొట్టూ గింజలూ తీసిన సొరకాయ, బీరకాయ, ఇడ్లీ, ఉడికించిన గుడ్డు, బాగా మగ్గిన అరటిపండు. కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు తినాలి. విరేచనాలు ఎక్కువైతే ఓఆర్ఎస్. అప్పటికి పుంటికూర (గోంగూర), పచ్చిమిర్చి, పచ్చి ఉల్లిగడ్డ, మక్క గుడాలు, పల్లీలు, నువ్వులు పక్కన పెట్టాలి. పాలు ఆపి చూడమన్నారు. నాకు పాలు పడలేదు, పెరుగు పడింది. అణిగాక ఒక్కసారి ఒక్కటే కొత్తది మొదలుపెట్టి, రెండు మూడు రోజులు చూసి, నోట్‌బుక్‌లో రాసుకుని, తర్వాత ఇంకొకటి. ఒకరికి పడనిది ఇంకొకరికి పడొచ్చు కాబట్టి వేరే పేషెంటు లిస్టు చూసి మానేయొద్దన్నారు. తిండితో బాధ తగ్గుతుంది, బలం వస్తుంది, కానీ మందు చేసే పని తిండి చేయదని ప్రతిసారీ గుర్తుచేసేవారు. నేను భయపడి అన్నీ మానుకుంటుంటే ఆమె కొంచెం గట్టిగానే అన్నారు: "తిండి తగ్గిస్తే జబ్బు తగ్గది, మనిషి తగ్గుతది." గుడ్లు, పప్పు, చేప పెంచమన్నారు. ఐరన్ మాత్రలు నా కడుపుకు పడకపోతే సార్‌తో మాట్లాడి సెలైన్‌లో ఎక్కించేలా చూశారు. ఆయాసం తగ్గి నేను మళ్లీ మనిషినయ్యాను.

కాగితం మీద రాసినదాన్ని కంచంలోకి తెచ్చింది మాత్రం మా అత్తమ్మ. ఆమె చదువుకోలేదు. మేడం చెప్పినవన్నీ నేను చదివి వినిపిస్తే ఒక్కసారికే గుర్తుపెట్టుకుంది. అందరికీ కూర వండుతూ, కారం వేయకముందే నా వంతు చిన్న గిన్నెలోకి తీసేది. నేను డ్యూటీకి తెల్లవారుజామునే పోవాలంటే ఆమె నాకంటే ముందు లేచి పప్పు కట్టు మరిగించి డబ్బాలో పోసిచ్చేది. సద్దుల బతుకమ్మ నాడు నువ్వుల సద్ది, పల్లి సద్ది చేస్తూ, నాకోసం అల్లం, మిర్చి లేకుండా పెరుగు సద్ది విడిగా కలిపింది. అమ్మలక్కలు అడిగితే "మా కోడలికి ఇదే పడుతది" అని అంతే చెప్పి ఊరుకుంది. జబ్బు తగ్గాక మొదటిసారి జొన్నరొట్టె మెత్తగా చేసి, నేను తినేదాకా ఎదురుగా కూర్చుంది. అది పడిందని మర్నాడు చెప్పినప్పుడు ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. అత్తమ్మా, కన్నతల్లి చేసినట్టు చేసినవ్. నీ ఋణం నేను తీర్చుకోలేను.

బస్సు మీద నన్ను కాపాడినవాళ్లు వేరే. నాతో ఎక్కువగా డ్యూటీ పడే డ్రైవరన్నకు ఒక రోజు తప్పనిసరై చెప్పాను. ఆయన ఇంకో ప్రశ్న అడగలేదు. "బస్సు ఆపుమన్నప్పుడు ఆపుత చెల్లె, పబ్లిక్‌ను నేను చూస్కుంట" అన్నాడు. అప్పటి నుంచి నేను ముందుకు వచ్చి నిలబడితే చాలు, ఎక్కడ ఆపాలో ఆయనకు తెలుసు. సిద్దిపేట బస్టాండులో నేను దిగి వచ్చేదాకా టైం అయినా కదిలించేవాడు కాదు. ప్రజ్ఞాపూర్ దాటాక రోడ్డు పక్కన టీ హోటల్ నడిపే అక్క, హోటల్‌కు బాత్‌రూం లేకపోతే వెనకున్న తన ఇంటి తాళం తీసి ఇచ్చింది. ఆ తర్వాత మా బస్సు కనిపిస్తే చాలు, తాళం చెవి బయట మేకుకు వేలాడదీసేది. రూపాయి తీసుకోలేదు, టీ తాగమని కూడా అడగలేదు. ఒకసారి బస్సు ఎందుకు ఆపారని ఎవరో అరిస్తే, ముందు సీట్లో ఉన్న పెద్దమ్మ లేచి "ఆడిబిడ్డకు అవసరం పడ్డది, నీకేం తొందర" అని నోరు మూయించిందట. డ్రైవరన్న చెప్తే తెలిసింది. ఆ పెద్దమ్మ ఏ ఊరో తెలియదు. ఆమెకు దండం.

మా డిపో మేనేజర్ (డీఎం) సార్, డ్యూటీ ఛార్ట్ వేసే కంట్రోలర్ సార్ నా సర్టిఫికెట్లు చూసి, జబ్బు రేగిన నెలల్లో నైట్ ఔట్‌లు (రాత్రి బయటి ఊరిలో ఉండే డ్యూటీలు) వేయకుండా డిపో లోపలి పని ఇచ్చారు. నా బదులు ఆ నైట్ ఔట్‌లు చేసిన తోటి కండక్టర్లు ఒక్క మాట కూడా అనలేదు. వాళ్లకూ ఇళ్లున్నాయి, పిల్లలున్నారు. మీ అందరికీ పేరుపేరునా నమస్కారాలు.

రిపోర్టు బాగుందని మందులు ఆపలేదు. మెసలమిన్, అజాథియోప్రిన్ నడుస్తూనే ఉంటాయి, మార్చాలంటే సారే మారుస్తారు. జబ్బు మొదలై ఎనిమిదేళ్లు దాటాక క్యాన్సర్ రాకుండా కనిపెట్టుకోవడానికి కొలనోస్కోపీలు క్రమం తప్పకుండా చేయించుకోవాలని కూడా చెప్పారు. చేయించుకుంటాను.

మొన్న డిపో రెస్ట్ రూంలో ఒక చెల్లె నన్ను పక్కకు పిలిచి, తనకూ చాలా రోజులుగా రక్తం పడుతోందని, మొలలకు మందు వాడుతున్నానని చెప్పింది. రాత్రి నిద్రలో లేవాల్సి వస్తోందా అని అడిగాను. అవునంది. ఈ సోమవారం డ్యూటీ దిగాక ఇద్దరం కలిసి డిస్పెన్సరీకి వెళ్తున్నాం. మీలో ఎవరికైనా ఇలాంటి బాధ ఉంటే నాకు చెప్పండి, మీతో కూడా వస్తాను. నా రిపోర్టుల ఫైలు, తిండి రాసుకున్న నోట్‌బుక్ రెండూ బ్యాగులోనే ఉంటాయి.