చదువుకోవాలనుకుంటున్న పాపకు అమ్మ ఉత్తరం

హైదరాబాదు

చిరంజీవి పాపకు అమ్మ ఆశీర్వదించి రాయునది.

ఇక్కడ మేమిద్దరం క్షేమం. అక్కడ నువ్వు, అల్లుడుగారు, బాబు క్షేమమని తలుస్తాను. మనస్తత్వశాస్త్రంలో ఎం.ఏ. చేయాలని ఎంతో కాలంగా మనసులో ఉందని, కానీ ఉద్యోగం, పిల్లవాడు, ముప్పై ఆరేళ్ల వయసు తలచుకుంటే అడుగు ముందుకు పడటం లేదని రాశావు. రిటైరయ్యాక చరిత్ర చదవడానికి కాలేజీలో చేరిన నాకు నిజంగా ఎలా ఉందో చెప్పమన్నావు. ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీలో ఈ సెమిస్టరు ముగింపుకొచ్చింది. ఇంటర్నల్స్ అయిపోయాయి, సెమినార్ పేపరు సమర్పించాను, ఇక థియరీ పరీక్షలు మిగిలాయి. చదువులోని కష్టమూ సంతోషమూ రెండూ కళ్లెదుట ఉన్న ఈ రోజుల్లోనే నీకు ఉన్నదున్నట్టు రాయడం మంచిదనిపించింది.

ముందు కష్టం సంగతి. జ్ఞాపకశక్తి మునుపటిలా లేదు. రాజవంశాల వరుసలు, శక సంవత్సరాలు రాత్రి కంఠతా పట్టినా తెల్లవారేసరికి సగం గుర్తుండటం లేదు. మూడు గంటల పాటు ఆగకుండా చేత్తో రాయడం అంతకంటే కష్టం. ఏళ్ల తరబడి కంప్యూటరు మీద టైపు చేసిన వేళ్లకు పెన్ను అలవాటు తప్పింది. రెండో గంటకల్లా బొటనవేలి మొదట్లో నొప్పి మొదలై మణికట్టు దాకా పాకుతుంది. అందుకని రోజూ పొద్దున్నే గడియారం ఎదురుగా పెట్టుకుని, పాత ప్రశ్నపత్రం నుంచి ఒక ప్రశ్న తీసుకుని, పుస్తకం మూసి పూర్తి జవాబు కాగితం మీద రాస్తున్నాను. చదివినదాని కంటే ఇలా రాసినదే ఎక్కువ నిలుస్తోంది. నువ్వు చేరితే ఈ అలవాటు మొదటి నెల నుంచే పెట్టుకో.

నా తోటివారిలో చాలామంది జిల్లాల నుంచి వచ్చి హాస్టల్లో ఉంటూ, ఒకపక్క ఎం.ఏ., మరోపక్క గ్రూప్స్ పరీక్షలకు చదువుతున్న పిల్లలు. మొదట్లో నేను గదిలోకి రాగానే లెక్చరర్ననుకుని లేచి నిలబడేవారు. ఇప్పుడు అమ్మా అని పిలిచి, నేను రాని రోజు నోట్సు జిరాక్స్ తీయించి ఉంచుతున్నారు. శాసనాల లిపి వాళ్లకు నాకంటే త్వరగా పట్టుబడింది. రాయి అరిగిన చోట ప ఏదో వ ఏదో నాకు తెలియకపోతే పక్కనున్న అమ్మాయిని అడుగుతాను. నా మనవరాలి వయసుకు కాస్త ఎక్కువ వయసున్న ఆ పిల్ల ఎంతో ఓపికగా చెబుతుంది. అడగడానికి మొహమాటపడితే మన వయసులో చదువు సాగదు పాపా.

ఇక సంతోషం సంగతి కాస్త వివరంగా రాస్తాను. నా సెమినార్ పేపరు నల్గొండ జిల్లా నకిరేకల్ దగ్గరి చందుపట్ల శాసనం మీద. రుద్రమదేవి 1295 ప్రాంతం దాకా పాలించిందని చరిత్రకారులు చాలాకాలం భావించారు. ఈ శాసనం బయటపడ్డాక ఆ లెక్క మారింది. అందులో శక సంవత్సరం 1211, విరోధి నామ సంవత్సరం, మార్గశిర మాసం అని ఉంది. శక సంవత్సరానికి 78 కలిపితే 1289 అవుతుంది. ఆ తిథి నవంబరు 27న పడిందని పండితులు లెక్కగట్టారు. రుద్రమదేవి, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడు శివలోకానికి వేంచేశారని, వారి పుణ్యం కోసం పువ్వుల ముమ్మడి అనే అతను సోమనాథ దేవునికి భూమి ఇచ్చాడని శాసనం చెబుతోంది. కాకతీయుల మీద తిరగబడ్డ సామంతుడు కాయస్థ అంబదేవునితో జరిగిన యుద్ధంలో వారు మరణించి ఉంటారని చరిత్రకారులు ఊహిస్తారు గానీ ఆ మాట రాతి మీద లేదు. నా పేపరులో ఈ రెండింటినీ విడివిడిగా చూపించాను. అంతటి మహారాణి ఎప్పుడు కన్నుమూసిందో ఒక కొలువుగాడు చేసిన భూదానం వల్ల మనకు తెలిసిందంటే నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో దస్తావేజులు చూస్తూ నా ఉద్యోగమంతా గడిచింది కదా. ఇచ్చినవారెవరు, పుచ్చుకున్నవారెవరు, విస్తీర్ణమెంత, నాలుగు దిక్కులా హద్దులేమిటి, సాక్షులెవరు అని చూడటం నా కంటికి అలవాటు. కాకతీయుల నాటి దానశాసనాలు చదువుతుంటే అవే వివరాలు ఎదురవుతున్నాయి. ఎకరాలకు బదులు మర్తురులు ఉంటాయి. స్టాంపు కాగితానికి బదులు, దానమిచ్చిన నేలను హరించినవాడు అరవై వేల ఏళ్లు మలంలో పురుగై పుడతాడన్న శాపశ్లోకం ఉంటుంది. 'చెరువు వెనుక భూమి' అని కనబడితే పిల్లలు అక్షరాలు సరిచూసుకుని ముందుకు వెళ్లిపోతారు. నేను అక్కడ ఆగుతాను. చెరువు నీరు పారే నేల తరి భూమి అవుతుంది, ఖుష్కి అంటే మెట్ట నేల కంటే దానికి విలువెక్కువ, అలాంటి నేల వదులుకోవడం దాతకు చిన్న విషయం కాదు. ఈ సంగతి సెమినార్‌లో చెప్పినప్పుడు మా ప్రొఫెసరుగారు మళ్లీ వివరించమన్నారు, పిల్లలు రాసుకున్నారు. ఆఫీసులో నేను చేసిన పనికి ఇంత విలువ ఉందని నాకు ఆ రోజే అర్థమైంది.

నీ విషయంలో నాకు ధైర్యం కలిగించేది ఇదే. పదేళ్లుగా హెచ్‌ఆర్‌లో ఉంటూ, ఉద్యోగం దొరికినవాళ్ల ముఖాలూ పోయినవాళ్ల ముఖాలూ ఎదురుగా కూర్చుని చూశావు. ఇరవై రెండేళ్ల పిల్లలు పాఠంగా చదివేదాన్ని నువ్వు ఎరిగిన మనుషులతో పోల్చి చూసుకుంటావు.

ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతాను. ఇంటిపనంతా ముగిశాక మిగిలిన వేళలో చదువుకుందామనుకోకు. అలాంటి వేళ ఏ ఇంట్లోనూ మిగలదు. మా ఇంట్లో పరీక్షలయ్యే దాకా పొద్దుటి వంట మీ నాన్నగారిది. ఆయన తనంతట తాను పూనుకోలేదు, నేను అడిగితే ఒప్పుకున్నారు. నువ్వూ అల్లుడుగారితో కూర్చుని, ఏ పని ఎవరిదో దరఖాస్తు పెట్టకముందే తేల్చుకో. ఉద్యోగం మానకుండా చదవాలంటే దూరవిద్య కూడా ఉంది. కానీ వీలైతే తరగతిలో కూర్చునే చదువే ఎంచుకోమంటాను, ఎందుకంటే ఆ పిల్లల సహవాసం లేకపోతే నేను ఈ సెమిస్టరు దాటేదాన్ని కాదు.

దరఖాస్తు గడువు, ప్రవేశ పరీక్ష తేదీ కనుక్కుని వెంటనే రాయి. నా చివరి పరీక్ష అయిన వారంలోనే బయలుదేరి వస్తాను. బాబును నేను చూసుకుంటాను, నువ్వు తలుపు వేసుకుని చదువుకుందువు గాని.

ఆశీస్సులతో,
అమ్మ