దారిలో మాకు నీళ్లిచ్చిన వాళ్లందరికీ

మా అత్తగారు, కరోనా వల్ల విదేశాల్లో చిక్కుకున్న వాళ్లని ఇండియాకి తెచ్చే వందే భారత్ విమానంలో హైదరాబాద్ దిగి, క్వారంటైన్ పూర్తి చేసుకుని, మొన్న క్షేమంగా తెనాలి చేరారు. ఆవిడ ఇల్లు చేరేదాకా మా ప్రయాణం అయిపోయినట్టు నాకు అనిపించలేదు. ఇప్పుడు అయింది. అందుకే 2020 మార్చిలో, కరోనా లాక్‌డౌన్ల మధ్య స్పెయిన్ నుంచి ఇంగ్లండ్‌కి వస్తున్న మాకు సాయం చేసిన వాళ్లందరి గురించీ ఇక్కడ రాస్తున్నాను. వాళ్లలో చాలామందికి తెలుగు రాదు, కొందరి పేర్లు కూడా నాకు తెలియవు. అయినా రాయకుండా ఉండలేను.

మేముండేది ఇంగ్లండ్‌లోని మిల్టన్ కీన్స్. మా ఆయన ఉద్యోగానికి కొన్నాళ్లు సెలవు పెట్టడంతో, మోటర్‌హోమ్ (వంటగది, పడకలు ఉన్న ఇల్లులాంటి బండి) వేసుకుని చలికాలం స్పెయిన్‌లో గడపడానికి వెళ్లాం. బెనికాసిం దగ్గర సముద్రం పక్కన ఒక క్యాంప్‌సైట్‌లో ఉన్నాం. అత్తగారు ఫిబ్రవరిలో వచ్చి మాతో కలిశారు. మార్చి 14న స్పెయిన్ అత్యవసర పరిస్థితి ప్రకటించింది. 17 మధ్యాహ్నం నుంచి ఫ్రాన్స్‌లో లాక్‌డౌన్. 19న హోటళ్లూ క్యాంప్‌సైట్లూ వారం లోపల మూసెయ్యాలని స్పెయిన్ ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. 22 నుంచి ఇండియాకి విమానాలు బంద్. 23న బ్రిటన్ విదేశాల్లో తిరుగుతున్న వాళ్లని వెనక్కి వచ్చెయ్యమంది. అటు తెనాలి వెళ్లే దారి లేదు, ఇటు ఉండటానికి చోటు లేదు. ఇంటికి వెళ్లాలంటే రెండు దేశాల మీదుగా 1500 కిలోమీటర్లకు పైగా బండి నడపాలి.

ఇల్లే బండిలో ఉంది కదా, ఇంక టెన్షన్ ఎందుకని చాలామంది అడిగారు. డీజిల్ ఎక్కడైనా దొరికింది, రోడ్లు ఖాళీగా ఉన్నాయి. దొరకనివి నీళ్లు, టాయిలెట్ పెట్టె ఖాళీ చేసుకునే చోటు, రాత్రిళ్లు కరెంటు. మామూలు రోజుల్లో ఇవన్నీ క్యాంప్‌సైట్లలోనో, ఊళ్లలో మోటర్‌హోమ్‌ల కోసం కట్టిన స్టాపుల్లోనో దొరుకుతాయి. అవన్నీ ఒక్కసారిగా మూతపడ్డాయి. పైగా అత్తగారికి షుగర్. వాడని ఇన్సులిన్ పెన్నులు ఫ్రిజ్‌లోనే ఉండాలి. బండి నడుస్తున్నంతసేపూ ఫ్రిజ్ ఇంజన్ కరెంటు మీద నడుస్తుంది. ఆగితే గ్యాస్ కావాలి. మా గ్యాస్ బండ అడుగంటింది. ఇంగ్లండ్ బండని స్పెయిన్‌లో మార్చి ఇవ్వరు, ఒక్కో దేశంలో రెగ్యులేటర్ బిగింపు ఒక్కో రకం.

పక్క బండిలో ఉన్న జర్మన్ పెద్దాయనకి ఈ సంగతి తెలిసింది. మర్నాడు పొద్దున్నే తన దగ్గరున్న 2.75 కిలోల నీలం రంగు క్యాంపింగాజ్ బండ, దానికి తగిన అడాప్టర్ తెచ్చి మా మెట్టు దగ్గర పెట్టి, దూరంగా వెళ్లి నిలబడ్డారు. ఎలా బిగించాలో అక్కడి నుంచే చేతులతో చూపించారు. సబ్బు నురుగు పూసి లీకు చూసుకునేదాకా కదల్లేదు. డబ్బులు చూపిస్తే తల అడ్డంగా ఊపారు. ఆయనా తన భార్యతో అంతే దూరం వెళ్లాల్సిన మనిషి.

క్యాంప్‌సైట్ నడిపే అమ్మగారికి ఎన్ని దండాలు పెట్టినా తక్కువే. ఈస్టర్ సీజన్ మొత్తం చేజారిపోతున్నా ఆవిడ మా గురించే ఆలోచించారు. ప్రభుత్వ ఉత్తర్వు వల్ల సైట్ మూస్తున్నామని, వీళ్లు తమ సొంత ఇంటికి వెళ్తున్నారని, బండి నంబర్‌తో సహా స్పానిష్‌లో ఉత్తరం రాసి ముద్ర వేసి ఇచ్చారు. సొంత ఇంటికి తిరిగి వెళ్లడానికి స్పెయిన్ నిబంధనలు ఒప్పుకునేవి, కానీ ఆ మాట పోలీసులకి చెప్పడానికి మాకు భాష రాదు. టారగోనా దగ్గర ఆపినప్పుడు ఆ కాగితమే మాట్లాడింది. బయలుదేరే రోజు ట్యాంకు నిండా నీళ్లు పట్టుకోనిచ్చి, చివరి రోజుల అద్దె వదిలేసి, పెరట్లో చేదు నారింజలు ఒక సంచీ నింపి ఇచ్చారు.

అప్పట్లో ఫ్రాన్స్‌లో రోడ్డు మీదకి వచ్చే ప్రతి మనిషి దగ్గరా ఎందుకు బయటకి వచ్చారో రాసి సంతకం పెట్టిన కాగితం ఉండాలి. లేకపోతే 135 యూరోల జరిమానా. సరిగ్గా మేం బయలుదేరేటప్పుడే ఆ నమూనా మారింది. మా దగ్గర ప్రింటర్ లేదు. తులూజ్‌లో చదువుకుంటున్న ఒక తెలుగు అబ్బాయి, మాకు స్నేహితుల స్నేహితుడు, అర్ధరాత్రి దాకా ఫోన్‌లో ఉండి కొత్త నమూనాని ఒక్కో వాక్యం చదివి అర్థం చెప్పి, మా ముగ్గురి చేతా చేత్తో రాయించాడు. టోల్‌గేట్ దగ్గర పోలీసు ఆ కాగితాలు చదివి, వెనక సీట్లో అత్తగారిని చూసి, జాగ్రత్తగా వెళ్లమన్నాడు. నాయనా, నీ గదిలో నువ్వొక్కడివే బిక్కుబిక్కుమంటూ ఉన్న రోజుల్లో మా కోసం అంతసేపు కూర్చున్నావు. మీ అమ్మగారితో మాట్లాడి ఈ మాటే చెప్పాను.

ఇప్పుడు ఉగాది గురించి చెప్పాలి. మార్చి 24 రాత్రి దక్షిణ ఫ్రాన్స్‌లోని లార్జాక్ పీఠభూమి మీద, మియో వంతెనకి కాస్త ఇవతల ఆగాం. అది ఎత్తైన ప్రాంతం, చలి ఎక్కువ. గ్యాస్ ఫ్రిజ్‌కి మిగలాలని హీటర్ ఆపేసి, దుప్పట్లు కప్పుకుని పడుకున్నాం. బండిలో నీళ్లు గడ్డకట్టి బాయిలర్ పగలకుండా, బాగా చల్లబడితే దానంతటదే తెరుచుకునే వాల్వ్ ఒకటి ఉంటుంది. అది రాత్రి తెరుచుకుంది. పంపు నడుస్తూ ట్యాంకులో నీళ్లన్నీ నేల మీదకి తోడేసింది. తెల్లారితే శార్వరి నామ సంవత్సర ఉగాది. తలంటుకి కాదు కదా, కాఫీకి కూడా నీళ్లు లేవు. దగ్గరి ఊళ్లో మోటర్‌హోమ్ కుళాయికి టేపు చుట్టేశారు.

ఊరి చివర గొర్రెల ఫామ్ ఒకటి కనిపించింది. ఆ చుట్టుపక్కల గొర్రెల పాలతోనే రోక్‌ఫోర్ చీజ్ చేస్తారు. మా ఆయన దిగి, ఫోన్‌లో ఫ్రెంచ్‌లోకి మార్చిన వాక్యం గేటు దగ్గర ఎత్తి చూపించారు. ఒక పెద్దావిడ వచ్చి చదివింది. లోపలికి వెళ్లిపోతే భయమేసింది. పైపు ఈడ్చుకుంటూ తిరిగి వచ్చింది. గేటు ఇవతలికి పైపు వేసి, వెనక్కి జరిగి, కుళాయి తిప్పింది. ట్యాంకు నిండుతున్నంతసేపూ గొర్రెపిల్లలని చూస్తూ అత్తగారు కళ్లు తుడుచుకుంటూనే ఉన్నారు. మేం బయలుదేరేటప్పుడు ఆవిడ గోడ మీద గుడ్ల అట్ట పెట్టింది. అత్తగారు నమస్కారం పెడితే ఆవిడా రెండు చేతులూ జోడించింది. అదే నెలలో అధ్యక్షుడు మాక్రాన్ స్పెయిన్ రాజుని అలాగే పలకరించారు కాబట్టి ఆవిడకీ తెలిసే ఉంటుంది.

ఆ నీళ్లతోనే స్నానాలు చేశాం. బండిలో ఉన్న చింతపండు, బెల్లం, మామిడికాయకి బదులు పుల్ల ఆపిల్, వేపపువ్వుకి బదులు ఆ చేదు నారింజ తొక్క తురుము. అత్తగారు మంత్రం చదివి పచ్చడి చేతిలో పెట్టారు. ఆ ఫామ్ అమ్మకి కూడా ఒక గిన్నెడు ఇవ్వాలని ఎంత అనిపించిందో. కానీ ఒకరి చేతి తిండి ఇంకొకరికి ఇచ్చే రోజులు కావు.

ఆ తర్వాతి రాత్రి రువాన్ దాటాక లారీలు ఆగేచోట పడుకున్నాం. టాయిలెట్ పెట్టె ఎక్కడ ఖాళీ చేయాలో చూపించి, మా బండికి రెండు పక్కలా లారీలు పెట్టి నిశ్చింతగా నిద్రపోమన్న డ్రైవర్లకి నమస్కారం. వాళ్లే ఆ వారాల్లో యూరప్‌కి తిండి మోశారు. కాలేలో, సముద్రం కింది సొరంగం గుండా బండ్లని ఇంగ్లండ్‌కి చేర్చే లే షటిల్ రైలు సిబ్బంది మమ్మల్ని బండి దిగనివ్వకుండానే కాగితాలు చూసి రైలెక్కించారు. మిల్టన్ కీన్స్‌లో మా తెలుగు వాళ్లు గుమ్మంలో బియ్యం, కందిపప్పు, వంకాయ కూర పెట్టి ఉంచారు. షాపుల్లో బియ్యం దొరకని వారం అది. అత్తగారి వీసా గడువు పొడిగించుకునే సంగతి చూసిన లండన్ లాయర్ అక్కకీ థాంక్స్.

క్యాంప్‌సైట్ అమ్మగారికి నిన్న ఫోన్ చేశాం. అత్తగారు ఇల్లు చేరారని చెబితే ఫోన్‌లోనే గట్టిగా అరిచి సంతోషపడ్డారు. జర్మన్ పెద్దాయన చిరునామా కనుక్కుని పంపుతామన్నారు. ఆయన బండ, అడాప్టర్ మా దగ్గరే ఉన్నాయి. ప్రయాణాలు మొదలవగానే గ్యాస్ నింపించి తీసుకెళ్లి మా చేతులతోనే ఇస్తాం.