బాబు ఇంటికి వచ్చాడు: ఆ నర్సు గారికి మా కృతజ్ఞతలు

నిన్న సాయంత్రం బాబు ఇంటికి వచ్చాడు. 18 రోజుల తరువాత. ఇప్పుడు పక్క గదిలో నిద్రపోతున్నాడు. నేను పది నిమిషాలకోసారి లేచి వెళ్లి వాడి ఊపిరి వింటున్నాను. ఎలాగూ నిద్ర పట్టదని తెలిసి ఇది రాస్తున్నాను. మాటలు అటూ ఇటూ అయితే మన్నించండి.

వాడికి వచ్చింది డిఫ్తీరియా. మా నాయనమ్మ దాన్ని కంఠసర్పి అనేది. అదేదో పాత కాలపు జబ్బు, మన పిల్లల దాకా రాదు అనుకునేవాణ్ని. గొంతు నొప్పి, కొద్దిపాటి జ్వరం అని తీసుకెళ్తే డాక్టర్ గారు టార్చి వేసి చూసి కాసేపు ఏమీ మాట్లాడలేదు. గొంతులో బూడిద రంగు పొర. మా ఎదుటే ఆరోగ్య శాఖకు ఫోను చేశారు. పరీక్ష ఫలితం రాకుండానే ఎందుకు చెబుతున్నారని అడిగాను, కోపంగానే అడిగాను. ఈ జబ్బు విషయంలో అనుమానం వచ్చిన వెంటనే తెలియజేయాలని, కల్చర్, అంటే గొంతు నమూనాలోని క్రిములను ల్యాబులో పెంచి చూసే పరీక్ష, ఫలితం వచ్చేసరికి రోజులు గడిచిపోతాయని చెప్పారు. ఈ జబ్బు క్రిములు విడిచే విషానికి విరుగుడు మందు యాంటీటాక్సిన్. అది రక్తంలో తిరుగుతున్న విషాన్నే అడ్డుకుంటుంది. కణాల్లోకి చేరిపోయిన విషాన్ని ఏమీ చేయలేదు. పైగా ఆ మందు దొరకడమే కష్టం. ఆ ఒక్క ఫోను వల్లే అది ఎక్కడుందో వెతికి ఆ రాత్రికే తెప్పించగలిగారు. డాక్టర్ గారూ, ఆ రోజు మీ మీద గొంతు పెంచినందుకు క్షమించండి.

నా భార్య బాబుతో ఐసోలేషన్ గదిలో ఉండిపోయింది. నేను, మా పాప ఇంట్లో. అమ్మ, అన్నయ్య, వదిన చేయాల్సిందంతా చేశారు. వాళ్లకు నేను విడిగా చెప్పేదేముంది.

చెప్పాల్సింది ఆ నర్సు గారి గురించి. తన పేరు రాయవద్దన్నారు కాబట్టి రాయడం లేదు.

ఆమె వచ్చేలోపే ఒకతను వచ్చి క్వారంటైన్ ఆదేశం చేతిలో పెట్టి, తలుపు మీద నోటీసు అంటించి, ఒక్క మాటైనా చెప్పకుండా వెళ్లిపోయాడు. ఆ కాగితాన్ని నేను నాలుగుసార్లు చదివాను. భయం తప్ప ఏమీ అర్థం కాలేదు. ఆ మధ్యాహ్నం నర్సు గారు మా గొంతు నమూనాలు తీసుకోవడానికి వచ్చారు. పని ముగిశాక ఆదేశం తెమ్మని, గుమ్మం దగ్గరే నిలబడి పంక్తి పంక్తీ చదివి చెప్పారు. జబ్బు ఉన్నవారిని విడిగా ఉంచడం ఐసోలేషన్, జబ్బు సోకి ఉండవచ్చన్నవారిని కొన్నాళ్లు గమనించడం క్వారంటైన్. మాది రెండోది. డిఫ్తీరియా మామూలుగా రెండు నుంచి ఐదు రోజుల్లో బయటపడుతుందట, ఒక్కోసారి పది రోజుల దాకా పట్టవచ్చట. అందుకే బాబును నేను చివరిసారి ఎత్తుకున్న రోజు నుంచి పది రోజుల లెక్క. ఆ కాగితం వెనకే పెన్సిలుతో పది గడులు గీసి తేదీలు వేసిచ్చారు.

తరువాత ప్రశ్నల పత్రం తీశారు. బాబు వాడిన నీళ్ల సీసా, చెంచా, తువ్వాలు ఇంకెవరైనా వాడారా అన్న ప్రశ్న దగ్గరికి రాగానే మా పాప తెర వెనక్కి వెళ్లిపోయింది. పిలిస్తే రాలేదు. నేను కసురుకోబోయాను. నర్సు గారు చెయ్యెత్తి నన్ను ఆపారు. కలానికి మూత పెట్టి, గుమ్మం అవతలే నేల మీద కూర్చుని, ఆ పత్రాన్ని లోపలికి జరిపారు.

"తల్లీ, ఇందులో తప్పు ఎవరిది అని అడిగే ప్రశ్న ఒక్కటైనా ఉందేమో నువ్వే చూసి చెప్పు."

పాపకు తొమ్మిదేళ్లు. తెర వెనక నుంచి వచ్చి, కాగితం మీద వేలు పెట్టి, మొదటి అక్షరం నుంచి చివరి దాకా చదివింది. చాలాసేపు పట్టింది. ఆమె గడియారం చూసుకోలేదు, తొందరపెట్టలేదు. చదవడం అయ్యాక పాప తలెత్తకుండా అంది: "నా సీసాలో నీళ్లు నేనే తాగించాను. వాడు అడిగాడు. వాడికి నా వల్లే వచ్చిందా?"

రెండు రాత్రులు దాని పక్కనే పడుకున్నాను. దాని గుండెల్లో ఇది ఉందని నాకు తెలియలేదు.

ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో ఎవరూ చెప్పలేరని, తమ్ముడికి దాహం వేస్తే నీళ్లిచ్చావు అంతేనని ఆమె నెమ్మదిగా చెప్పారు. ఆ సీసాతో ఇంకెవరు తాగారని అడిగితే పాప ఇద్దరు స్నేహితుల పేర్లు చెప్పింది. ఆ సాయంత్రానికే ఆ ఇద్దరికీ నమూనాలు తీసి మందు మొదలుపెట్టారు. ఇద్దరూ క్షేమం.

అక్కడే నాకు ఏడుపు ఆగలేదు. ఎందుకంటే నన్ను భయపెట్టిన ప్రశ్న ఆ పత్రంలో ఇంకొకటి ఉంది: టీకాల వివరాలు. ఐదేళ్లప్పుడు వేయించాల్సిన బూస్టర్‌ను ఇల్లు మారే హడావుడిలో వాయిదా వేశాను, తరువాత మరచిపోయాను. ఆమె ఆ గడిలో "వేయించలేదు" అని రాసుకుని, "ఈ జబ్బు వచ్చి తగ్గినా మళ్లీ రాదని నమ్మలేమండి. కోలుకున్నాక వాడికి తప్పకుండా వేయించాలి, ఈసారి నేను గుర్తు చేస్తాను" అన్నారు. అంతే. మందలింపు లేదు.

ఆ తరువాత రోజూ సాయంత్రం ఆరింటికి ఫోను. జ్వరం ఉందా, గొంతు ఎలా ఉంది, మందు వేసుకున్నారా అని నన్ను అడిగి, ఫోను పాపకివ్వమనేవారు. 1377లో రగూసా అనే రేవు పట్టణంలో, అంటే ఇప్పటి క్రొయేషియాలోని డుబ్రోవ్నిక్‌లో, ప్లేగు ప్రాంతాల నుంచి వచ్చినవారిని 30 రోజులు బయటే ఆపారని, తరువాత అది 40 రోజులైందని, ఇటాలియన్ భాషలో నలభైని క్వరాంటా అంటారని, క్వారంటైన్ అన్న పేరు దాని నుంచే వచ్చిందని చెప్పారు. పాప వెంటనే పెన్సిలు గడులు లెక్కపెట్టుకుంది, మనవి పదే కదా అని. తమ్ముడికిచ్చిన యాంటీటాక్సిన్‌ను గుర్రాల రక్తం నుంచి తీస్తారని ఇంకో రోజు చెప్పారు. యాంటీటాక్సిన్‌కు దారి చూపింది 1890 నాటి పరిశోధన. దానికే జర్మన్ శాస్త్రవేత్త బేరింగ్‌కు 1901లో వైద్యంలో మొట్టమొదటి నోబెల్ బహుమతి వచ్చింది. పాప గోధుమ రంగు గుర్రం బొమ్మ వేసి, దాని మెడకు తెల్లటి కట్టు కట్టింది. ఫోటో తీసి పంపుతానంటే నర్సు గారు కాగితమే కావాలన్నారు. తన సెలవు రోజున ఆసుపత్రికి వెళ్లి, బాబు గది తలుపు అద్దానికి బయటి వైపు నుంచి, బొమ్మ లోపలికి కనిపించేలా అతికించి వచ్చారు. వాడు మంచం మీద నుంచి రోజూ ఆ గుర్రానికి చెయ్యి ఊపేవాడని నా భార్య చెప్పింది.

ఒక మాట చెప్పకుండా ఉండలేను. ఆ ఆదేశంలో శిక్ష గురించి ఆరు పంక్తులున్నాయి, సందేహం వస్తే ఎవరికి ఫోను చేయాలో ఒక్క పంక్తి లేదు. మూడు చోట్ల నుంచి మూడు ఫోన్లు, అవే ప్రశ్నలు, ఒకరికి చెప్పింది ఇంకొకరికి తెలియదు. ఒకాయన నేరస్థుడితో మాట్లాడినట్టు మాట్లాడారు. మా ఇద్దరి నమూనాల్లో ఏమీ లేదని తేలి, పది రోజులూ గడిచాక, విడుదల పత్రం రావడానికి ఇంకో రెండు రోజులు పట్టింది. అది లేనిదే పాపను బడిలోకి రానివ్వరు, నన్ను పనిలోకి రానివ్వరు. నియమాలు వద్దని నేను అనను. ఆ నియమం వల్లే నా కొడుకు బతికాడు. కానీ జబ్బు సంగతి చెప్పినవాళ్లను ఇలా చూస్తే, రేపు ఇంకో తండ్రి గొంతు నొప్పిని దాచిపెడతాడు. నర్సు గారు నాతో గడిపిన ఆ గంట ఆదేశంలోనే ఒక భాగమై ఉండాలి. అది ఆమె మంచితనం మీద ఆధారపడకూడదు.

అయ్యో, ఇంకా చాలామంది ఉన్నారు. అర్ధరాత్రి యాంటీటాక్సిన్ తెచ్చిన డ్రైవరు. విషం గుండె మీద పని చేస్తుందేమోనని రోజూ ఈసీజీ తీసిన అమ్మాయి. మందుల కోర్సు ముగిశాక 24 గంటల తేడాతో తీసిన రెండు నమూనాల్లోనూ ఏమీ లేదని ఆదివారమైనా స్వయంగా ఫోను చేసి చెప్పిన ల్యాబు ఉద్యోగి. పాఠాలు ఫోనులో చెప్పిన పాప టీచరు గారు. ఎదురింటి పెద్దాయన కూడా. తలుపు మీద నోటీసు చూసి అందరూ అవతలి వైపు నుంచి నడుస్తుంటే, ఆయన మాత్రం రోజూ మా గేటు పక్కనుంచే నడిచి, కిటికీలో ఉన్న పాపను పలకరించి వెళ్లేవారు. ఆయన పేరు కూడా నాకు తెలియదు. రేపు వెళ్లి అడుగుతాను.